తబూక్ మెస్సులో మిస్సోరి ఎన్నిక

సౌదీకి పోయొచ్చాను. వచ్చిన దగ్గర్నుంచి జగిత్యాలలో ఎదురుపడ్డ ప్రతివాడూ ఒకటే అడుగుతున్నాడు: ఒంటెలున్నాయా, ఖర్జూరాలు తెచ్చావా అని. ఒంటెలున్నాయి. ఖర్జూరాలు తెచ్చాను, అయిపోయాయి. అక్కడ నేనొక ఎన్నిక నడిపించి వచ్చానని చెప్తే మాత్రం ఎవరూ నిలబడి వినడం లేదు. అందుకే రాస్తున్నాను. రాస్తే మధ్యలో లేచిపోయినవాడు కనబడడు.

ముందు నా సంగతి. ముప్ఫై రెండేళ్లు డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరయ్యాను. అమెరికాలో మిస్సోరి అనే సరిహద్దు రాష్ట్రం మొట్టమొదటిసారి అధ్యక్ష ఎన్నికలో ఓటేసిన వైనం మీద ఎం.ఫిల్. చేశాను. ఆ థీసిస్‌ను ఈ భూమ్మీద ముగ్గురు చదివారు. నేను, మా గైడు, టైపు చేసినాయన. వాళ్లలో టైపు చేసినాయన ఒక్కడే బాగుందన్నాడు.

షరఫియాలో హాజరు

జెద్దాలో మా మేనల్లుడు వేణు ఇంజనీరు. వాడు రమ్మంటేనే వెళ్లాను. మొదటి నాలుగు రోజులు నేను చూసింది సౌదీ కాదు, వాడి సోఫా. బయట ఎండ, లోపల ఏసీ. "మామా, రిలాక్స్ అవ్వు" అని చెప్పి పొద్దున పోతే చీకటి పడ్డాక వచ్చేవాడు. రిలాక్సై రిలాక్సై నాకు నడుం పట్టేసింది.

శుక్రవారం సాయంత్రం పోరు పెట్టి, మనవాళ్లంతా చేరే షరఫియా బజారుకు తీసుకుపొమ్మన్నాను. అక్కడ నిలబడితే కరీంనగర్ బస్టాండులో నిలబడ్డట్టే ఉంది. దర్జీలు, డబ్బులు పంపే కౌంటర్లు, తాళ్లతో బిగించిన కార్గో డబ్బాలు, ఫోన్లో ఇంటివాళ్లతో గొడవ పడుతూ నడిచే మనుషులు. ఒక హోటల్లో బిర్యానీ పదిహేను రియాళ్లు. రియాళ్లను రూపాయల్లోకి మార్చనని వేణు నాతో ముందే ఒట్టు వేయించుకున్నాడు, మారిస్తే ముద్ద దిగదట. మార్చాను. దిగలేదు. పారేయబుద్ధి కాక తిన్నాను.

సగం తిన్నానో లేదో పక్క బల్ల మీది మనిషి ఎంగిలి చెయ్యి వెనక దాచుకుని లేచి నిలబడ్డాడు. పేరు గంగారాం. నా దగ్గర చదివాడు. చదివాడంటే, హాజరుపట్టీలో ఉన్నాడు.

"ఎన్నిసార్లు తప్పినవురా నువ్వు?" అన్నాను. వేరే ఏం గుర్తుకు రాలేదు.

"మూడుసార్లు సార్. మూడూ మీ పేపరే."

తబూక్ దగ్గర పొలాలకు నీళ్ల పైపులైను వేసే కంపెనీలో పిక్కప్పు డ్రైవరట. పాడైన మోటారు రిపేరుకు ఇచ్చిపోదామని జెద్దా వచ్చాడు, సోమవారం తిరుగు ప్రయాణం. మా క్యాంపు చూద్దురు రండి సార్ అన్నాడు. వేణు వెంటనే అడ్డుపడ్డాడు. లేబర్ క్యాంపులో గెస్టులను అలౌ చేయరు, హైజీన్ ఉండదు, నీకు బీపీ ఉంది అని ఇంగ్లీషులో ఒక జాబితా చదివాడు. గంగారాం వినయంగానే చెప్పాడు: క్యాంపు బాసు ఈజిప్టు ఆయన, పంతులు అంటే పడి చస్తాడు, అడిగేశాను, రమ్మన్నాడు అని. ఇప్పుడే కలిసినవాడు ఎప్పుడు అడిగాడో నాకు అర్థం కాలేదు. తర్వాత తెలిసింది, నేను జెద్దాలో దిగిన సంగతి వాట్సాప్‌లో చూసి, నన్ను వెతుక్కుంటూనే వచ్చాడు. అప్పుడు తెలిసుంటే నేనింకా ఉబ్బిపోయేవాణ్ణి.

బలద్‌లో ఏడు కప్పులు

ఆదివారం గంగారాం నన్ను బలద్ తిప్పాడు. పాత జెద్దా అది. పగడపు రాళ్లతో కట్టిన మేడలు, వాటికి చెక్కతో చెక్కిన మూత కిటికీలు, నీడ దొరికిన చోటల్లా పిల్లులు. మన దగ్గర కుక్కలు తిరిగే చోట ఇక్కడ పిల్లులు దర్జాగా పడుకుంటాయి, మనుషులే పక్కకు తప్పుకుని పోతారు.

ఒక అత్తరు దుకాణంలో ముసలాయన మమ్మల్ని కూచోబెట్టి చిన్న కప్పులో గహ్వా పోశాడు. యాలకులు వేసిన పసుపు పచ్చని కాఫీ, చేదు. మర్యాద కదా అని గడగడా తాగి కప్పు ముందుకు చాపాను. మళ్లీ పోశాడు. పోసింది వదిలేస్తే తప్పేమోనని తాగాను. మళ్లీ పోశాడు. ఏడో కప్పుకు నా చెవుల్లో గుండె కొట్టుకోవడం వినబడింది. గంగారాం అప్పుడు తీరిగ్గా చెప్పాడు, చాలనుకుంటే కప్పును ఇటూ అటూ ఊపి ఇవ్వాలట. ముందే చెప్పొచ్చు కదరా అంటే, మీకు నచ్చిందనుకున్న సార్ అన్నాడు. మూడుసార్లు తప్పించినందుకు వాడు కసి తీర్చుకున్నాడని నా అనుమానం.

నాలుగు తమీసులు

సోమవారం తెల్లారుతుండగా బయల్దేరాం. ఎడమ పక్క సముద్రం, కుడి పక్క ఏమీ లేదు. ఆ ఏమీ లేకపోవడాన్ని చూస్తూ మనిషి ఎంతసేపైనా కూర్చోవచ్చు. మన దగ్గర ఫర్లాంగుకో ఊరు, ఊరికో గతుకు. ఇక్కడ గతుకు లేదు, ఊరూ లేదు.

యాంబూ దగ్గర టిఫినుకు ఆగితే అఫ్ఘాన్ ఆయన తమీసులనే రొట్టెలు కాలుస్తున్నాడు. గంగారాం ఫోన్లో ఉన్నాడు కదా అని తగుదునమ్మా అని నేనే ఆర్డరిచ్చాను. మనిషికి రెండు పుల్కాల లెక్కన నాలుగు వేళ్లు చూపించాను. పొయ్యిలోంచి తీసి ఇచ్చినవి ఒక్కోటి మా ఇంట్లో బియ్యం చెరిగే చాటంత ఉన్నాయి. నాలుగింటినీ రెండు చేతుల మీద మోసుకుంటూ బయటికి వస్తే, ఎదురుగా వచ్చిన సౌదీ కుర్రాడు దారిచ్చి తలుపు పట్టుకున్నాడు. ఒకటి ఫూల్ అనే చిక్కుడు గింజల ముద్దతో తిన్నాం, అద్భుతంగా ఉంది. మిగతా మూడూ తబూక్ దాకా మాతో ప్రయాణం చేశాయి. మంగళవారం మధ్యాహ్నానికి వాటిని చించాలంటే ఒకరు అటు, ఒకరు ఇటు పట్టుకోవాల్సి వచ్చింది.

సోమవారం తమీసు తిని మళ్లీ బండెక్కాకే గంగారాం అసలు సంగతి బయటపెట్టాడు. క్యాంపులో మనవాళ్లంతా కలిసి ఒక మెస్సు నడుపుకుంటున్నారు. దానికి లీడరు లచ్చన్న, పదకొండేళ్ల నుంచి ఆయనే. ఇప్పుడు పోటీ వచ్చింది. ఎవరు ఎన్నిక నడిపినా రెండోవాళ్లు ఒప్పుకోవడం లేదు. బయటివాడు, చదువుకున్నవాడు, ఎవరి పక్షమూ కానివాడు కావాలి. అప్పుడు వాడికి నేను గుర్తొచ్చానట.

"మీరు సిలబస్ వదిలేసి ఏడాది పొడుగు అమెరికా ఎలక్షనే చెప్పిండ్రు గదా సార్. అది పరీక్షల రాలె. గిప్పుడన్న అక్కరకొస్తదేమో అనుకున్న."

నాకు కోపం రావాల్సింది. రాలేదు. ఎర్ర సముద్రం పక్కన కదిలే పిక్కప్పులో, ముప్ఫై ఏళ్లకు నా థీసిస్‌కు నాలుగో పాఠకుడు దొరికాడు. మళ్లీ మొదట్నుంచి చెప్పాను. రెండు వందల ఏళ్ల కిందట మిస్సోరి అంటే అమెరికాకు పడమటి అంచు. అప్పటికి పూర్తిగా రాష్ట్రం కాలేదు, కాలేదనడానికీ లేదు. స్వేచ్ఛగా ఉన్న నల్లవాళ్లను తమ గడ్డ మీదికి రానిచ్చేది లేదని అది తన రాజ్యాంగంలో రాసుకుంది, దాని మీద రాజధానిలో తగాదా నడుస్తోంది. ఈలోగా మిస్సోరి అధ్యక్ష ఎన్నికకు తన ఓట్లు పంపేసింది. ఇవి లెక్కలోకి వస్తాయా రావా అని సభలో రభస. చివరికి పెద్దమనుషులు రెండు లెక్కలు చదివారు. మిస్సోరిని కలిపితే ఇన్ని, కలపకపోతే ఇన్ని, ఎట్లా చూసినా గెలిచింది ఆయనే. అంతే, అందరూ ఇళ్లకు పోయారు. "చరిత్రలో ఇంత తెలివైన పరిష్కారం లేదు" అని థీసిస్‌లో రాశాను. గంగారాంకూ అదే చెప్పాను.

లచ్చన్న చేతి కూడు

క్యాంపంటే తబూక్ పట్నానికి దూరంగా, పచ్చని గోధుమ పొలాల పక్కన వరసగా తెల్ల క్యాబిన్లు. అందులో మనవాళ్లు ముప్ఫై ఒక్కమంది. ఈజిప్టు బాసు నా చెయ్యి రెండు చేతులతో పట్టుకుని "ఉస్తాద్, ఉస్తాద్" అని ఊపేశాడు. నా ముప్ఫై రెండేళ్ల సర్వీసులో ఏ ప్రిన్సిపాలూ అంత ఊపలేదు.

లచ్చన్నది మెట్‌పల్లి పక్క. యాభై దాటాడు, బోర విరుచుకుని నడుస్తాడు, స్టోరు తాళాలు మొలతాడుకే కట్టుకున్నాడు. వంట ఆయన అజమాయిషీలోనే. ఆ రోజు జొన్నరొట్టె, మటను, పచ్చిపులుసు పెట్టాడు. సౌదీలో జొన్నపిండి ఎక్కడిదయ్యా అంటే, తెలివి ఉంటే దొరుకుతుంది సారూ అన్నాడు. నిజం చెప్పొద్దూ, మా ఇంట్లో కూడా అంత మంచి పచ్చిపులుసు తినలేదు. ఈ ముక్క మా ఆవిడ చదవదనే ధైర్యంతో రాస్తున్నాను.

ఇంత చక్కటి మనిషికి పోటీ ఎందుకొచ్చిందని అడిగాను. ముఖం ముడుచుకున్నాడు. క్యాంపుకు నలభై కిలోమీటర్ల అవతల, ఎడారిలో పంపుల దగ్గర పద్నాలుగు మంది ఉంటున్నారు. వాళ్లూ మనవాళ్లే. వాళ్లకు అన్నం ఇక్కడి నుంచే పోతుంది. తమకు వేరే పొయ్యి కావాలంటున్నారు. కంపెనీ స్టోరులో పొయ్యి ఉంది, సిలిండరు ఉంది, మెస్సు లీడరు సంతకం పెడితే ఇచ్చేస్తారు. ఈయన పెట్టడం లేదు.

"పొయ్యిలు రెండైతే మనుషులు గుడ రెండైతరు సారు. ఇంతకు ముందు క్యాంపుల చూసిన. మెస్సు రెండు ముక్కలైంది, ఆర్నెల్లకు ఒకల మొఖం ఒకలు చూసుకోలే."

అది దొంగ మాటలా అనిపించలేదు. నిజంగానే భయపడుతున్నాడు. నేను ఇంకో రొట్టె పెట్టించుకుని, న్యాయంగానే ఉంది అనుకున్నాను. రొట్టె తింటున్నప్పుడు ఎవరి మాటైనా న్యాయంగానే ఉంటుంది.

పంపుల కాడ

బుధవారం పొద్దున గంగారాం అన్నం డబ్బాలు వేసుకుని పంపుల దగ్గరికి బయల్దేరితే నేనూ ఎక్కాను. వంట తెల్లవారుజామున నాలుగింటికే అయిపోతుంది. బండి ఒక్కటే, అది ముందు మూడు సైట్ల దగ్గర మనుషులను దించాలి. పంపుల దగ్గరికి చేరేసరికి పది. వాళ్లకు పని వదిలేది ఒంటిగంటకు. మే నెల, రేకు క్యాబిన్.

ఒంటిగంటకు డబ్బా మూత తీస్తే పప్పు మీద నురుగు. అన్నం ముద్దలో తీగలు సాగుతున్నాయి. ఒకాయన పప్పు తీసుకుపోయి బయట పారబోసి వచ్చాడు. అన్నాన్ని నీళ్లతో కడిగి, ఉప్పు చల్లి, ఉల్లిగడ్డ కొరుక్కుంటూ తినడం మొదలుపెట్టారు. పాపం ఆ కడగడంలో ఎంత అలవాటు కనబడిందో చెప్పలేను. మన ఇళ్లలో చెయ్యి కడుక్కున్నంత మామూలుగా కడిగారు.

వాళ్ల పెద్ద పోశెట్టి, నిజామాబాద్ దిక్కు. సన్నగా, ఎప్పుడూ నవ్వుతున్నట్టుండే మనిషి. పోటీలో నిలబడింది ఈయనే. నా ముందు ఒక లబన్ అనే మజ్జిగ సీసా, కవర్లో చుట్టిన ఖుబ్జు రొట్టె పెట్టి, డబ్బాలోది మీకు వద్దు సారు అన్నాడు. నేను ఊరుకుంటానా. మీతో పాటే అని మొహమాటానికి పోయి రెండు ముద్దలు తిన్నాను. ఆ రెండు ముద్దలూ ఆ సాయంత్రం ఎనిమిదిసార్లు నన్ను లేపి పలకరించాయి.

నెలకొకసారి వంతుల ప్రకారం క్యాంపుకు పోయినప్పుడే వీళ్లకు వేడి బువ్వ. రెండేళ్లుగా ఇదే వరస. ఇక్కడ పొయ్యి వెలిగించుకుంటే లచ్చన్నకు వచ్చే నష్టమేమిటో వీళ్లకు అర్థం కావడం లేదు. ఎన్నిసార్లు అడిగినా, మెస్సు లీడరు కాబట్టి ఆయన మాటే చెల్లుతోంది. అందుకే లీడరును మార్చాలనుకున్నారు.

"మేం రాజ్యం అడుగుతలేం సారు," అన్నాడు పోశెట్టి. "వేడి బువ్వ అడుగుతున్నం."

గంటె, పొయ్యి

గురువారం సాయంత్రం పంపులను పాకిస్తానీ వాచ్‌మన్‌కు అప్పజెప్పి పద్నాలుగు మందీ రెండు ట్రిప్పుల్లో వచ్చారు. ఎలక్షన్ అనే మాట మాత్రం గట్టిగా అనొద్దని అందరూ నాకు చెప్పారు. అది 'మెస్ మీటింగు'. బాసు వచ్చి ఏమిటీ హడావిడి అని అడిగితే, ఉస్తాద్ పాఠం చెప్తున్నాడు అన్నారు. ఆయన సంతోషంగా తలూపి పోయాడు.

మన ఊళ్లలో సర్పంచి ఎన్నికలు చూసినవాళ్లు కదా, గుర్తులు లేకుండా ఓటు వేసేది లేదన్నారు. ఇద్దరూ గంటె కావాలన్నారు. దాని మీద అరగంట. చివరికి పదకొండేళ్లు పట్టుకున్నవాడిది కాబట్టి గంటె లచ్చన్నకు, పొయ్యి పోశెట్టికి ఇచ్చాను. రాయడం రానివాళ్లున్నారు గనక గింజలతో ఓటు. గంటెకు శనగ గింజ, పొయ్యికి ఖర్జూరం గింజ. తెర వెనక గింజ తీసుకుని, పిడికిలి మూసి పాత నెయ్యి డబ్బాలో వేయాలి.

అసలు పేచీ అప్పుడు మొదలైంది. పంపుల దగ్గరివాళ్లకు ఓటుందా లేదా. క్యాంపులో పండుకునేవాళ్లే మెస్సు మనుషులు, ఎప్పటి నుంచో అదే పద్ధతి అన్నాడు లచ్చన్న. మెస్సంటే తినేది గానీ పండుకునేది కాదు, తినేది మేమూ ఇక్కడి కూడే కదా అన్నాడు పోశెట్టి. ఇద్దరూ నా దిక్కు చూశారు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. పైగా నా కడుపులో లచ్చన్న రొట్టెలున్నాయి.

అప్పుడు నాకు మిస్సోరి గుర్తొచ్చింది. రెండు డబ్బాలు తెప్పించాను. క్యాంపు ఓట్లు ఒక డబ్బాలో, పంపుల ఓట్లు ఇంకో డబ్బాలో. కలిపితే ఎంత, కలపకపోతే ఎంత అని రెండు లెక్కలూ చదువుతాను, ఎట్లయినా గెలిచేవాడు గెలుస్తాడు, ఎవరి మాటా పోదు అని వివరించాను. నలభై ఐదు మందీ శభాష్ అన్నారు. ముప్ఫై రెండేళ్లలో ఏ క్లాసూ నా మాట అంత శ్రద్ధగా వినలేదు. నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

ఓటింగు మొదలైన ఐదు నిమిషాలకే రహస్య బ్యాలెట్టు మంట గలిసింది. ఖర్జూరం గింజ వేయాలంటే ముందు ఖర్జూరం తినాలి కదా. తెర వెనక నుంచి దవడ ఆడిస్తూ వచ్చినవాడు పొయ్యికి, నోరు మూసుకుని వచ్చినవాడు గంటెకు వేసినట్టు అందరికీ తెలిసిపోతోంది. లచ్చన్న ఒక్కొక్కడి నోరు చూసి పేరు మనసులో రాసుకుంటున్నాడు. ఆపి, వేసినవన్నీ పారబోసి, ఎవరికి వేసినా సరే అందరూ ఒక ఖర్జూరం తినాల్సిందే అని రూలు పెట్టి మళ్లీ మొదటికొచ్చాను. ఒకాయన మతిమరుపులో శనగ గింజ నమిలేసి గింజ లేదని తిరిగొచ్చాడు. ఆయనకు ఇంకోటి ఇచ్చాం. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు, అది నా గురించేనని ఆ పూట ఒప్పుకున్నాను.

రెండు లెక్కలు

లెక్కపెట్టాను. క్యాంపు డబ్బాలో గంటెకు పంతొమ్మిది, పొయ్యికి పన్నెండు. లచ్చన్న మీసం మీద చెయ్యేశాడు. పంపుల డబ్బాలో పొయ్యికి పన్నెండు, గంటెకు రెండు. ఆ రెండూ లచ్చన్న బామ్మర్దివీ వాడి దోస్తువీ అని అందరికీ తెలుసు, వాళ్లు కూడా దాచలేదు.

కాగితం మీద కూడికలు వేశాను. మళ్లీ వేశాను. లాభం లేదు. నిలబడి, చదవక తప్పక చదివాను. పంపులవాళ్లను కలపకపోతే లచ్చన్న గెలిచాడు. కలిపితే ఇరవై నాలుగుకు ఇరవై ఒకటి, పోశెట్టి గెలిచాడు.

గంగారామే అడిగాడు, నాకు సాయం చేస్తున్నాననుకుని: "గిట్ల వస్తే అమెరికాల ఏం జేసిండ్రు సార్?"

ముప్ఫై ఏళ్ల నుంచి ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. నన్ను నేనూ అడుక్కోలేదు. అక్కడ ఇట్లా రాలేదు. గెలిచినాయనకు పోటీయే లేదు. మిస్సోరిని కలిపినా తీసినా ఒకటే కాబట్టే అంత సుళువుగా రెండు లెక్కలూ చదివేశారు. తేల్చాల్సింది తేల్చకుండా తప్పించుకున్నారు. నేను దాన్ని తెలివి అని రాసి డిగ్రీ పుచ్చుకున్నాను.

అప్పుడు పోశెట్టి లేచాడు. ముఖంలో ఆ నవ్వు లేదు.

"కలిపితే ఒకటి, తీసేస్తే ఒకటి అంటున్నరు సారు. మేం ఈడనే కూసున్నం గదా. మీ ముంగటనే కూసున్నం."

నాకు సిగ్గేసింది. ఏ ముసుగూ లేకుండా చెప్తున్నాను, అంత సిగ్గు నాకు ఎప్పుడూ వేయలేదు. రాజధానిలో తగాదా పడ్డది ఏ మనుషుల గురించో వాళ్లు ఒక్కరు కూడా ఆ సభలో లేరు, అందుకని పెద్దమనుషులకు చెల్లింది. ఇక్కడ పద్నాలుగు మందీ నేల మీద సక్కలముక్కలేసుకుని నా మొహంలోకి చూస్తున్నారు. వాళ్ల అన్నం రెండు ముద్దలు తిన్నవాణ్ణి నేను.

కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. క్యాంపు డబ్బాలోని గింజలన్నీ పంపుల డబ్బాలో గుమ్మరించాను. లెక్క ఒకటే అన్నాను. మెస్సు కూడు తినేవాళ్లు నలభై ఐదుగురు, ఓట్లు నలభై ఐదు, గెలిచింది పోశెట్టి.

లచ్చన్న అరవలేదు. అరిస్తే బాగుండేది.

"నా ఇంట్ల కూడు తిని గిట్ల జేస్తిరా సారు" అన్నాడు. మొలతాడు నుంచి తాళాలు విప్పి బల్ల మీద పెట్టి తన క్యాబిన్‌కు పోయాడు. ఆయన కూడు ఆ రోజు కూడా బ్రహ్మాండంగా ఉంది, అదే నా బాధ.

శుక్రవారం మధ్యాహ్నం

స్టోరు నుంచి పొయ్యి, సిలిండరు, రెండు గిన్నెలు పిక్కప్పులోకి ఎక్కించాం. బయల్దేరుతుంటే లచ్చన్న వచ్చి ముందు సీట్లో కూచున్నాడు. గంగారాం నోరు తెరవబోతే మోచేత్తో పొడిచాను. నలభై కిలోమీటర్లు ముగ్గురం రోడ్డునే చూశాం. చివర్లో ఆయనే అన్నాడు, వాళ్లకు సిలిండరు బిగించుడు రాదు, క్యాబిన్ కాలబెట్టుకుంటే పేరు మెస్సుకే వస్తది అని.

పంపుల దగ్గర అసలు కథ తెలిసింది. పొయ్యి కోసం రెండేళ్లు కొట్లాడిన పద్నాలుగు మందిలో ఒక్కడికి కూడా వంట రాదు. గెలిచిన పోశెట్టికి అసలే రాదు. బియ్యానికి నీళ్లెన్ని అని ఒకడు ఫోన్లో ఇంటికి చేసి అడుగుతున్నాడు. అవతల ఇల్లాలు నవ్వు ఆపుకోలేక జవాబు చెప్పడం లేదు. లచ్చన్న సిలిండరు బిగించి, వాసన చూసి, చేతులు కట్టుకుని గోడకు ఆనుకున్నాడు. సలహా అడిగితే, నీ పొయ్యి నీ ఇష్టం అన్నాడు.

అన్నం అడుగంటింది, పైన మెత్తటి జావ. పప్పులో ఉప్పు రెండుసార్లు పడింది. నిజం చెప్పాలంటే, నేను సౌదీలో తిన్నవాటన్నిటిలోకీ అధ్వాన్నమైన భోజనం అది. గిన్నె మధ్యలో దించారు, చుట్టూ పద్నాలుగు మంది, నేను, గంగారాం. కాసేపటికి లచ్చన్న కూడా వచ్చి కూచున్నాడు. పోశెట్టి ఆయన పళ్లెంలోనే ముందు వడ్డించాడు.

అందరికన్నా చిన్న వయసు నర్సింలు ఆత్రంగా ఒక ముద్ద పిసికి నోట్లో పెట్టుకున్నాడు. పెట్టుకుని, కళ్లు పెద్దవి చేసి, నోరు తెరిచి హా హా అని గాలి పీలుస్తూ చెయ్యి ఆడించడం మొదలుపెట్టాడు. పక్కనున్న పోశెట్టి వాడి వీపు తట్టి, ఇంకో చేత్తో మిగతావాళ్లను ఆపాడు.

"ఆగుండ్రిరా," అన్నాడు. "కాలుతాంది."

ఆ క్యాబిన్లో రెండేళ్లలో ఆ మాట ఎవరూ అని ఉండరు. అన్నాక పోశెట్టికి కూడా అది తెలిసినట్టుంది, చెయ్యి అట్లాగే గాలిలో ఉండిపోయింది. లచ్చన్న తల వంచుకుని తన ముద్దను ఊదుకోవడం మొదలుపెట్టాడు. తర్వాత మేమంతా ఊదుకున్నాం.